స్నేహపు పొర

వర్షావసానమున తోమిన కంచుపళ్ళెరమువలె మెఱయు నింగి క్రింద ఉప్పుటేటి పరిసరముల చెఱువులన్నియు వారము దినములు కురిసిన వానకు చప్పబడి నిశ్చలములై పడియుండెను. ఆ ప్రభాతవేళ సీతంరాజుగారి క్రొత్త రొయ్యలచెఱువు గట్టున పసుపుకుంకుమలును కొబ్బరికాయయు నమర్పబడియుండగా సముద్రజలమున బుట్టి ప్రాణవాయువు నింపిన సంచులలో నూరామడ ప్రయాణించి వచ్చిన లక్షలకొలది రొయ్యపిల్లలు కనురెప్పవెండ్రుకలంతేసి దేహములతో తమ యదృష్టమును నిరీక్షించుచుండెను.

"ఏడుంబావుకి ముహూర్తం పైడయ్యా! టైమవగానే సంచులన్నీ ఒక్కసారే గుమ్మరించెయ్యాలి" అని రాజుగారు గడియారము జూచుకొనుచు కేకవైచిరి.

ముప్పదియేండ్లుగా చెఱువులు గాచుచు దినమునకు పది మాటలైన బలుకని ముదుసలి పైడయ్యకు ఆ కేక విన్నంతనే ఒడలు మండెను. అట్లు వలదని చెప్పుట అతనికి ఆ వారములో నాలుగవసారి.

"ఒద్దండి. సంచుల్లో చెరువునీళ్ళు చెంబుడు చెంబుడు కలపాలండి. మూడు గంటలు."

"మూడు గంటలా? ఈలోగా వర్జ్యం వచ్చి కూర్చుంటది! రొయ్యపిల్లకి కొత్తల్లుడి మర్యాదలేంటయ్యా?"

"పొర ఉంటదండి లోపల. స్నేహపు పొర."

"స్నేహమా! రొయ్యతోనా!" అని రాజుగారు పొట్ట పట్టుకొని నవ్విరి.

పైడయ్య పండ్లు కొఱికికొనెను. చమురును శాస్త్రమున స్నేహమందురని అతనికి జెప్పినది మునుపొకప్పుడు చెఱువులు చూడవచ్చిన మత్స్యశాఖ అమ్మాయి. ప్రాణిదేహమున ప్రతి కణమును జుట్టి యొక పొర గలదనియు అది రాతిగోడ కాక స్నేహాణువులు రెండు వరుసలు దీరి తలలు నీటివైపునకు బెట్టి నీరు గిట్టని తోకలను నడుమ దాచికొని నిలుచు కదలాడు కావలి యనియు ఆమె గట్టుమట్టిలో గీసి చూపియుండెను. ఉప్పు ఆ పొరను తనంతట తాను దాటజాలదు. దానికి మాంసకృత్తులతో గట్టిన ద్వారములు వేఱుగ గలవు. నీరో, పిలువని పేరంటమునకు వచ్చు చుట్టమువలె ఉప్పు హెచ్చుగ నున్న వైపునకు ఊరక చొచ్చుకొనిపోవును. ఉప్పునీటి బిడ్డను చప్పనీట నొక్కపెట్టున ముంచిన కణములలోనికి నీరు వెల్లువయై పొరలుబ్బి చిట్లును. ద్వారములు క్రొత్తనీటి తీరు నేర్చుటకు వ్యవధి కావలయును. ఇంత మాట పది మాటల మనుష్యుడు చెప్పుట యెట్లు?

చెప్పలేక యతడు గంగాళమెడు చెఱువునీరు చెంబుతో ముంచి తెచ్చి రాజుగారి పాదములకడ దభీలున దించెను.

"ముందు ఓ సంచీ ఇందులో పొయ్యండి."

రాజుగారు పోసిరి. అఱగంట గడువకమున్నే అద్దమువంటి యా చిన్నిదేహములు సున్నమువలె తెల్లబడి యొక్కొక్కటే యడుగునకు జాఱెను. రాజుగారి మొగము వివర్ణమయ్యెను.

"అయ్యబాబోయ్! అయితే ముహూర్తం మాటేంటి?"

ఇన్ని ప్రాణములు పోయినను ముహూర్తమేనా! పైడయ్య నెత్తి కొట్టికొని, అంతలో చేతిచెంబును జూచి యాగెను.

"పిల్లలే చెరువులో దిగాలని పంతులుగారు రాశారాండి? చెరువే పిల్లల్లోకి దిగినా ప్రవేశమేనండి."

రాజుగారు క్షణమాలోచించి "అదీ నిజమే!" యనిరి. సరిగా ఏడుంబావుకు తొలిచెంబు సంచిలోనికి వంగెను, కొబ్బరికాయ పగిలెను. పిదప మూడు గంటలు ఆ ముదుసలి మోకాటిలోతు నీట నిలిచి సంచి వెంట సంచికి చెంబు వెంట చెంబు పోయుచునే యుండెను. తుదకు సంచులు వంచగా పిల్లలు మిలమిల మెఱయుచు ఎదురీది చెఱువున గలసెను.

"చూశావా పైడయ్యా, ముహూర్తబలం!" అని రాజుగారు మీసము దువ్విరి.

తలుపులేని గోడ సమాధి; కావలిలేని తలుపు కొల్ల. దేనిని ఎప్పుడెంత లోనికి రానీయవలయునో యెఱిగిన సన్నని పొర యొక్కటియే జీవమును నిలుపును. పైడయ్య చెవులకును అట్టి పొర యొకటి గలదు కాబోలు, రాజుగారి మాట లోనికి జొరలేదు. అతడు చెంబు కడిగి గట్టుమీద బోర్లించెను.