సీలు విప్పొద్దన్నాడు

కూరలో ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైతే కంచం ముందుకి నెట్టేసే మనిషి మా ఆయన. ఉప్పునీళ్ళు కొలిచి కలిపే పని మాత్రం నా మీదే పెట్టాడు. ఆదివారం వస్తే చాలు, స్నానాలగదిలో పెద్ద బకెట్ ముందు పీట వేసుక్కూర్చుని సముద్రం తయారుచేస్తాను. ఫిల్టర్ నీళ్ళలో చేపల ఉప్పు పోసి, కర్రతో తిప్పి, కొలిచి చూసి, ఎక్కువైతే నీళ్ళు, తక్కువైతే ఉప్పు. ఆ తర్వాత హాల్లో ట్యాంకులోంచి పాతనీళ్ళు పైపుతో తోడిపోయాలి, కొత్తవి పోయాలి, అద్దాలకి పట్టిన పాకుడు గీకాలి, నురుగు చేరే డబ్బా కడగాలి. ఆ డబ్బా కంపు చెబితే అర్థం కాదు. సబ్బుతో ఎన్నిసార్లు తోముకున్నా ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు వేళ్ళ దగ్గర కాచుకుని ఉంటుంది.

ట్యాంకు ఆయన ముచ్చట. ఎవరింట్లోనో చూసొచ్చాడు, నెల్లాళ్ళు ఫోన్లో వీడియోలు చూశాడు, అన్నీ ఆన్‌లైన్లో తెప్పించాడు. అద్దాల పెట్టె, నీలం లైటు, మోటార్లు, రాళ్ళు, ఇసక, చివరికి చేపలు కూడా. "కొట్టుకెళ్తే బేరాలు, సోది, వాళ్ళు అంటగట్టేవి. ఇక్కడైతే నొక్కితే వచ్చేస్తుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు" అనేవాడు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేకపోవడం ఆయనకి సుఖం. నాకది రోగమై కూర్చుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కుర్చీ లాక్కుని, నాకు వీపు పెట్టి ట్యాంకు ముందు కూర్చుంటాడు. "చూశావా, ఆ నారింజది ఎలా తిరుగుతోందో" అంటాడు. నాతోనేమోననుకుని దగ్గరికి వెళ్తే, ఫోన్లో స్నేహితుడికి చూపిస్తుంటాడు. ఆ గదిలో అత్తగారి టీవీ, ఈ గదిలో మోటారు చప్పుడు. ఒకరోజు మేత వేస్తూ, "ఇవాళ మా ల్యాబు కౌంటర్ దగ్గర ఒకాయన రిపోర్టు చూసుకుని ఏడ్చాడే" అని చెబుతున్నాను. ఎవరికి? చేపలకి. అవి మేత అయిపోగానే వెళ్ళిపోయాయి.

ఇంటికొచ్చిన వాళ్ళందరూ అడిగేది ఒక్కటే: ఇంత పెద్ద ట్యాంకు మెయింటెయిన్ చెయ్యడం కష్టం కదూ అని. "అబ్బే, అంతా ఆటోమేటిక్కే" అంటాడాయన. వంటింట్లో కాఫీ కలుపుతూ వింటుంటాను. ఆ ఆటోమేటిక్ నేనే. ఒకసారి అత్తగారితో అన్నాను కూడా, నడుం పట్టేస్తోందత్తయ్యా, ఈ బకెట్లు నేను మొయ్యలేనని. ఆవిడ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, "వాడు ముచ్చటపడి తెచ్చుకున్నాడు. పిల్లలెలాగూ లేకపోయె, వాటినే పిల్లలనుకో" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే జవాబు చెప్పేదాన్ని.

ఒకసారి ఉప్పు పార్సిల్ ఎక్కడో ఆగిపోయింది. నీళ్ళు మార్చకపోతే చేపలు ఉండవు. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు వెనక వీధిలో, టైలరు షాపుకీ బ్యాటరీల షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక చేపల కొట్టుంది. రోజూ దాని ముందునుంచే వెళ్తాను, ఏనాడూ మెట్లెక్కలేదు. ఆరోజు ఎక్కాను. లోపల ఒక పెద్దావిడ, మోకాళ్ళదాకా తడిసిన చీర, మెడలో తువ్వాలు. ఆవిడకి అన్నీ తెలుసని కాదు. ఒక రాయి చూపించి ఇదేమిటని అడిగితే, "ఏమో అమ్మా, పోయిన లాట్లో వచ్చింది, నాకూ తెలీదు" అంది. కానీ ఉప్పు తూచి ఇస్తూ, "మీ ట్యాంకులో ఏమున్నాయి? ఎలా ఉన్నాయి?" అని అడిగింది. అడిగి, సంచీ చేతికివ్వకుండా ఆగింది. జవాబు కోసం ఆగిందని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

అప్పట్నుంచి ఉప్పుకో, మేతకో, ఏ వంకాలేకపోతే ఊరికేనో వెళ్ళేదాన్ని. ఆవిడ కొత్తగా వచ్చిన చేపని వెంటనే అమ్మదు. "వారం పోనివ్వండి. నా దగ్గర తింటే మీ దగ్గరా తింటుంది" అనేది. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "నిన్ను బాగా వల్లో వేసుకుంది. అదే చేప ఆన్‌లైన్లో ఎంత చవకో తెలుసా?"

"చవకే. కానీ అక్కడైతే కళ్ళతో చూసి తెచ్చుకోవచ్చు కదండీ, ఎలా ఉందో, తింటోందో లేదో."

"చూసేదేముంది? గ్యారంటీ ఉంది. చస్తే డబ్బు వెనక్కిస్తారు."

అలా ఉండగా ఆయన పై ఆఫీసరూ భార్యా ఒక ఆదివారం భోజనానికి వస్తామన్నారు. మా ఆయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. వాళ్ళకి చూపించడానికి అరచెయ్యంత పసుప్పచ్చ చేపని, తోడుగా రెండు చిన్నవాటిని ఆర్డరు పెట్టాడు. గురువారం వస్తాయన్నాడు. "నువ్వు సెలవు పెట్టు. నాకు మీటింగుంది." ల్యాబులో మేనేజర్ నా సెలవు చీటీ చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "చేపల పార్సిలా మేడమ్? పిల్లలకి ఒంట్లో బాగోలేదని రాయండి, చూసేవాళ్ళకి బాగుంటుంది." పక్క కౌంటర్లో ఇద్దరు నవ్వారు. నేను కారణం కొట్టేసి 'సొంత పని' అని రాశాను. అది కూడా అబద్ధమే.

పొద్దున రావాల్సిన పార్సిల్ మధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉండగా వచ్చింది. థర్మకోల్ పెట్టె వెచ్చగా ఉంది. మూత తీస్తే లోపల సీలు వేసిన మూడు సంచులు. చిన్నవి రెండూ తెల్లబడి నీళ్ళ మీద తేలుతున్నాయి. పసుప్పచ్చది పక్కకి ఒరిగి ఉంది. పోయిందనే అనుకున్నాను. సంచి వెలుతురుకి పట్టుకుంటే మొప్ప కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

ఫోన్ చేశాను. మీటింగు మధ్యలోంచి బయటికొచ్చి మాట్లాడాడు.

"రెండు పోయాయండి. పెద్దది బతికే ఉంది, ఊపిరి కొట్టుకుంటోంది. ఏం చెయ్యను?"

"సీలు విప్పొద్దు!"

"విప్పకపోతే పోతుంది."

"ఎలాగూ పోతుంది. విన్నావా? సీలు విప్పకుండా, చచ్చిపోయాక ఫోటో తియ్యాలి. అప్పుడే గ్యారంటీ. ట్యాంకులో వేశాక చస్తే పైసా రాదు. దాన్ని అలా ఉంచు, కదలడం ఆగిపోయాక మూడింటికీ కలిపి ఫోటో తీసి పంపు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఏముంది, నీ పని చూసుకో."

పాలు పొంగాక స్టవ్ ఆపెయ్ అన్నట్టు చెప్పాడు. గొంతులో కర్కశత్వం ఏమీ లేదు. అదే నన్ను భయపెట్టింది, ఎందుకంటే ఆ గొంతు నాకు తెలుసు. ఒకప్పుడు నేను టైఫాయిడ్‌తో లేవలేక పడి ఉన్నప్పుడు, గోడ పట్టుకుని వెళ్ళి ఫోన్ చేస్తే అచ్చం ఇలాగే, ఏ విసుగూ లేకుండా, "రేపటికి తగ్గకపోతే అప్పుడు చూద్దాంలే" అన్నాడు. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది పక్కింటివాళ్ళు. ఆ తర్వాత ఎన్నిసార్లో ఆ మాట గుర్తొచ్చినా, పనుల ఒత్తిడిలో అన్నాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ సర్దిచెప్పుకోవడానికి మాటలు దొరకలేదు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "ఏమన్నాడు?"

"చచ్చేదాకా ఆగమన్నాడు."

ఆవిడ సంచివైపు చూసింది. మొప్ప కదలడం ఆవిడకీ కనబడింది. ఏదో అనబోయి, "వాడేదో ఆలోచించే చెప్పి ఉంటాడు" అని వెనక్కి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. టీవీ చప్పుడు కాస్త పెరిగింది.

చేపని ట్యాంకులో వెయ్యచ్చు. కానీ దానికేదైనా జబ్బుంటే ఉన్నవాటికి అంటుకుంటుంది, కొన్నాళ్ళు విడిగా పెట్టడానికి ఇంకో చిన్న పెట్టె కొందామంటే దండగన్నాడు. సంచిని తడిగుడ్డలో చుట్టి స్కూటర్ ముందు కాళ్ళ మధ్య పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. దారంతా గతుకుల్లో, "ఆగు తల్లీ, ఇంకాస్త" అని పైకే అంటున్నాను. సిగ్నల్ దగ్గర పక్క బండాయన వింతగా చూశాడు. చూడనీ.

ఆవిడ సంచి అందుకుని, "బతుకుతుందని మాటివ్వలేనమ్మా" అంది.

"మాటొద్దండీ. చూడండి చాలు."

కత్తెర నా చేతికే ఇచ్చింది. సీలు నేనే కోశాను. చేపని గిన్నెలోకి మార్చి, పక్క తొట్టెలోంచి సన్నగొట్టంతో చుక్క చుక్కగా నీళ్ళు వదిలాం. గిన్నె ముందు కూర్చున్నాను. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగితే ఎత్తాను.

"ఫోటో ఏది?"

"చిన్నవాటికి తీశాను, పంపిస్తాను. పెద్దది కొట్టులో ఉంది. సీలు విప్పాను."

"ఎవర్నడిగి విప్పావ్?"

నిజంగానే ఆలోచించాను. ఇన్నేళ్ళలో ఎవర్నీ అడక్కుండా చేసిన పని ఇంకోటి గుర్తు రాలేదు. "ఎవర్నీ అడగలేదు" అన్నాను. ఆయన పెట్టేశాడు. కొట్టావిడ నా వైపు స్టూలు జరిపి, "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అంది. అప్పటిదాకా నన్ను 'మీరు' అనేది. తల అడ్డంగా ఊపాను.

మర్నాడు అది నిటారుగా నిలబడింది. శనివారం సాయంత్రం మేత ముక్క నోట కరుచుకుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఆయన నాతో మాట్లాడలేదు. వింతేమిటంటే, ఇంట్లో నాకేమీ తేడా తెలియలేదు. తెలియలేదని గ్రహించాకే చెప్పలేనంత ఒంటరిగా అనిపించింది, చీకట్లో మెట్టుందనుకుని కాలేస్తే లేనట్టు. ఆ సాయంత్రమే కొట్టావిడని అడిగాను, ఇంట్లో ఉన్న చేపల్ని కూడా మీరు తీసుకుంటారా అని.

"తీసుకోకేం. కొట్టన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి. ఊరు మారుతున్నావా?"

"లేదండీ."

ఆవిడ నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా, "సోమవారం బండి పంపిస్తా" అంది.

ఆదివారం ఆఫీసరూ ఆయన భార్యా వచ్చారు. భోజనాలయ్యాక మా ఆయన లైటు నీలం చేసి ట్యాంకు చూపించాడు. "ఇంకో అందమైన చేప రావాల్సిందండీ. పాపం, దారిలోనే పోయింది" అన్నాడు.

"పోలేదు" అన్నాను, పళ్ళెం బల్ల మీద పెడుతూ. "కొట్టులో ఉంది. నిన్న మేత కూడా తింది."

ఆఫీసరు భార్య మొహం వెలిగింది. "అయ్యో, మరి తెచ్చుకోలేదేం?"

మా ఆయన నవ్వాడు, నా వైపు చూడకుండా. "ఏదో తమాషాకి అంటోందిలెండి."

"తమాషా కాదండీ" అన్నాను ఆవిడతో. "మిగతావాటిని కూడా రేపు తీసుకెళ్ళిపోతున్నారు. చచ్చేదాకా ఆగి చూసే ఇంట్లో ప్రాణం ఉన్నవాటిని దేన్నీ ఉంచకూడదనుకున్నాను, నాతో సహా."