గార్డుతోని ఆగిన బండి

ప్రమీలారాణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. అడవి రోడ్డు మధ్యలో బండి ఆగిపోయి మొగుడు పున్నయ్య ఒంటరిగా నిలబడిపోతాడని. ఆ రోడ్డు మీద పోయేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఆగినవాణ్ణి మాత్రం ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, ఎవరివి, ఎక్కణ్ణుంచి, ఎందుకు ఆగినవ్ అని. పగలు అడిగే పోలీసులు వేరు, చీకట్లో అడిగే అన్నలు వేరు. ఇద్దరికీ సరిపోయే జవాబు ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు.

పున్నయ్యది బోనకల్ పక్క పల్లె. భద్రాచలం దగ్గర ఫ్యాక్టరీలో నౌకరీ. చంటిదానికి మాటిమాటికీ ఒళ్లు వెచ్చబడుతుంటే, దవాఖానా దగ్గరుంటుందని పాల్వంచలో కాపురం పెట్టారు. కంపెనీ బస్సు ఊరూరా ఆగుతూ వచ్చేసరికి పొద్దెక్కేది. అందుకని ఎవరో అమ్ముతుంటే ఓ ఎర్ర మోటర్ సైకిల్ కొన్నాడు. కుర్రాళ్లు పందేలు వేసుకుని నడిపే రకం. దాని మోత వీధి చివర వినబడగానే చంటిది నిద్రలోనే కాళ్లు ఆడించేది.

నైటు డ్యూటీ దిగివచ్చిన మనిషి అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీసేవాడు. ప్రమీలకూ నిద్ర లేదు. పిల్లకు పళ్లొస్తున్నాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరు ఎక్కువ అలిసిపోయారో తేల్చుకోలేక, చెరో గోడకూ ఆనుకుని పొద్దు గడిపేవారు.

ఒకరోజు ముందు పోతున్న లారీ చక్రం కిందనుంచి కంకరరాయి లేచి ఇంజన్‌కు తగిలింది. ఇంజన్ చల్లబడేందుకు దాని చుట్టూ ఉండే లోహపు రెక్కల్లో ఒకటి విరిగింది. బండి తుడుస్తూ ప్రమీల ఆ విరిగినచోట వేలు పెట్టి చూసింది.

"ఇంకాస్త లోపలికి తగిలుంటే ఏమయ్యేదండీ?"

"ఏమవుద్ది, బండి ఆగేది" అన్నాడు పున్నయ్య ఆవులిస్తూ.

ఆ మాట చాలు ఆమెకు. మర్నాడే పిల్లను చంకనెత్తుకుని, మొగుణ్ణి నిద్రలేపి, మెకానిక్ జానీ మియా షెడ్డుకు నడిపించింది.

"బాబాయ్, దీనికి రేడియేటర్ గార్డు కావాలి."

జానీ మియా పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "రేడియేటర్ లారీకుంటది బేటీ. గది నీళ్లతోని సల్లబడ్తది. దీనికి గాలే నీళ్లు."

"ఏదైతేనేం, రాయి తగలకుండా అడ్డం ఉండాలి."

లారీలకు కోసి మిగిలిన జాలీ ముక్కలు గోడకు వేలాడుతున్నాయి. పున్నయ్య కళ్లు నలుపుకుంటూ మెరిసే ఉక్కు కడ్డీల గార్డు వైపు చూపించాడు. బండికి అందంగా ఉంటుందన్నాడు. ప్రమీల ఆ కడ్డీల మధ్య చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా దూరిపోయింది.

"ఇది గార్డా, కిటికీయా?" అంది.

పక్కనే ఉన్న పెద్ద కన్నాల జాలీలో వేలు పెట్టింది. వేలు దూరింది. "ఇందులోంచి గోళీకాయ పోదూ?" అంది. ఆ తర్వాత సన్న కన్నాల జాలీ అందుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. జొన్నగింజ కూడా దూరదు. ఏడో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానిపించి ప్రమీల చేతికి జల్లెడ ఇచ్చారు. అప్పటినుంచీ ఆమె లెక్కలో కన్నం ఎంత సన్నదైతే పిండి అంత మంచిది. రాయికైనా అంతే కదా అనుకుంది.

"ఇది బిగించు బాబాయ్."

జానీ మియా తల గోక్కున్నాడు. "లారీలకు ఏసిన గనీ మోటర్ సైకిల్‌కి ఎప్పుడూ ఎయ్యలే. గంత సన్నదైతే ఊపిరాడుతదో ఆడదో. అరే పున్నయ్యా, నువ్వు జెప్పు."

పున్నయ్య అప్పటికే టైరు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. "ఏదోటి బిగించు భాయ్. నిద్దరొస్తంది."

"బండికి దోమతెర కట్టిపిచ్చిన మొగోన్ని నిన్నే జూస్తున్న" అంటూ జానీ మియా రేకు కత్తెర తీశాడు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. కంకర టంగుమని జాలీకి తగిలి పడిపోతోందని పున్నయ్యే మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు ప్రమీల ఓ పూట నిశ్చింతగా పడుకుంది కూడా. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. అడవిలో బూరుగు కాయలు పగిలాయి. రోడ్డంతా దూది ఎగరడం మొదలైంది.

ఒక పొద్దున బండి మోత వినబడలేదు. చంటిది లేచి ఏడ్చి, పాలు తాగి, మళ్లీ పడుకుంది. ప్రమీల వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. చివరికి కంపెనీ బస్సు వచ్చింది. పున్నయ్యతో పనిచేసే రామన్న కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాడు.

"వదినా! గార్డుతోని బండి సీజైంది! అడవిల బుగ్గిలొద్ది కల్వర్టు కాడ. ఏం భయం లే!"

ఆమె నోరు తెరిచేలోపు బస్సు మలుపు తిరిగింది.

పక్కింటి సుశీలమ్మ అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. "గార్డు సీజ్ చేసిండా? టేకు కేసేనా ఏంది? గా బండి మీద కర్ర ఎట్ల తెచ్చిండమ్మా మీ ఆయన?"

అడవి అంచున ఉన్న ఊళ్లలో గార్డు అంటే ముందు ఫారెస్టు గార్డే. సీజ్ అంటే దొంగ కలపతో పట్టుబడ్డ బండిని లాక్కోవడమే. కానీ ప్రమీల ఇంట్లో కొన్నాళ్లుగా గార్డు అంటే జాలీ. పిల్లను భుజాన వేసుకుని, దాని జావ సీసా చేత పట్టుకుని షెడ్డుకు పరుగెత్తింది.

"బాబాయ్, బండి సీజైందట. గార్డుతోని అన్నాడు రామన్న."

"ఏ గార్డు? చెట్ల గార్డా, మన గార్డా?"

"తెలీదు."

జానీ మియా మొహంలో నవ్వు పోయింది. "ఇంజన్ గూడ సీజైతది బేటీ. వేడెక్కితే లోపల పిస్టన్ పట్టేస్తది. ఉన్న కాడనే ఆగుతది."

ప్రమీల అక్కడే బెంచీ మీద కూలబడింది. చెట్ల గార్డే అయి ఉండాలని మొక్కుకుంది. కేసు కానీ, బండి పోనీ. ఏదో ఆఫీసులో, నలుగురి మధ్య, బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటారు. పక్కన మనిషుంటాడు. తన జాలీ వల్ల ఆగితే మాత్రం వట్టి రోడ్డు మీద ఒక్కడే ఉంటాడు. మొగుడి మీద దొంగకలప కేసు కావాలని దేవుణ్ణి అడిగిన ఆడది తనొక్కతేనేమో అనిపించి, ఏడుపూ నవ్వూ కాని శబ్దం ఒకటి చేసింది.

"లే బేటీ, భద్రాచలం బస్సు వస్తది. నేనూ వస్త" అని జానీ మియా బోల్టులు విప్పే పానాలు సంచిలో వేసుకున్నాడు.

బస్సులో ఆమె కూర్చోలేదు. సీటు ఇస్తామన్నా వద్దంది. కిటికీలోంచి దూది లోపలికి వచ్చి పిల్ల జుట్టుకు అంటుకుంటుంటే ఒక్కొక్క పోగే తీస్తూ నిలబడింది. ఆ దూదిని చూస్తుంటేనే ఆమెకు జాలీ సంగతి అర్థమైపోయింది.

బుగ్గిలొద్ది కల్వర్టు దగ్గర ఎర్ర బండి స్టాండు వేసి ఉంది. దాని ముందున్న జాలీ దూదితో తెల్లగా మెత్తినట్టుంది. ఒక్క కన్నం కనబడలేదు.

బండి పక్కనే, ఖాకీ చొక్కా మీద ముతక దుప్పటి కప్పుకున్న ముసలాయన కూర్చున్నాడు. ఫారెస్టు గార్డు ముత్యాలు. ఆయన భుజానికి తల ఆనించి, నోరు తెరిచి, పున్నయ్య గాఢనిద్రలో ఉన్నాడు.

"లేపకు బిడ్డా" అన్నాడు ముత్యాలు చెయ్యి అడ్డం పెట్టి. "మస్తు అలిసిండు. తెల్లారంగ ఆగింది బండి. కంపెనీ బస్సుకు కేకేసి సంగతి జెప్పి, గంతనే నిద్రపోయిండు. ఒక్కడే ఎట్లుంటడని నా గుడిసెల నుంచి వచ్చి కూసున్న."

ప్రమీల అక్కడే మట్టిలో కూర్చుంది. ఇక్కడివాళ్ల 'తోని' అంటే 'వల్ల' అనీ అవుతుంది, 'కూడా ఉండగా' అనీ అవుతుంది. గార్డుతోని ఆగాడు. రెండు రకాలుగానూ నిజమే. జాలీ వల్ల ఆగాడు. ఈ మనిషి పక్కన ఆగాడు.

"ఎవరైనా వచ్చారా తాతా?" అని అడిగింది గొంతు తగ్గించి.

"వచ్చిన్రు, అడిగిన్రు. మా మనవడు అని జెప్పిన. పోయిన్రు." ఎవరు వచ్చారో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. ఎండ అంత కాస్తున్నా ఆయన దవడలు టకటక కొట్టుకోవడం అప్పుడు చూసింది.

"నీకు చలిజ్వరంలా ఉంది తాతా."

"ఒకదినం వస్తది, ఒకదినం పోతది. నాకూ మనిషి కావాలె గదా బిడ్డా. గీడ మాట్లాడనీకి చెట్లే ఉంటయి."

జానీ మియా జాలీ విప్పి బండరాయి మీద దులిపాడు. మాడిన దూది ముద్దలుగా రాలింది. "బేటీ, పిండి మస్తు సన్నగ పడ్డది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు కానీ ఎవరికీ కోపం రాలేదు. చల్లబడ్డ ఇంజన్ నాలుగైదు తన్నులకు దగ్గుతూ లేచింది. ఆ మోతకు పున్నయ్య లేచి, ఎదురుగా పెళ్లాన్నీ పిల్లనీ చూసి, "అప్పుడే ఇంటికొచ్చామా?" అన్నాడు.

చంటిదాని కోసం తెచ్చిన మెత్తటి జావ సీసా ప్రమీల ముత్యాలు చేతిలో పెట్టింది. దవాఖానాకు రమ్మని బతిమాలింది. "డ్యూటీ దిగినంక వస్త" అన్నాడాయన. ఆయన డ్యూటీ ఎప్పుడు దిగుతుందో ఆయనకే తెలియదని వెనక్కి వచ్చే బస్సులో జానీ మియా అన్నాడు.

మర్నాడు ఆమె షెడ్డుకు వెళ్లి, వేలు దూరే పెద్ద కన్నాల జాలీ ఎంచుకుంది. "గోళీకాయ?" అన్నాడు జానీ మియా. "పోతే పోనీ బాబాయ్. గాలాడనీ" అంది.

ఆ తర్వాత పున్నయ్య బుగ్గిలొద్ది దాటేటప్పుడు రోజూ హారన్ కొట్టేవాడు. గుడిసెలోంచి ఒక చెయ్యి లేచేది. వానలు పట్టాక అతన్ని పగటి షిఫ్టుకు మార్చారు. ఇప్పుడు కంపెనీ బస్సులో పోతున్నాడు. అది అక్కడ ఆగదు. మొన్న కిటికీలోంచి చూస్తే గుడిసె తలుపు మూసి ఉందట. దుప్పటి బయట తీగ మీదే తడుస్తూ ఉందట. ఆ మాట విన్నప్పటినుంచీ ప్రమీలకు మళ్లీ నిద్ర లేదు. చంటిదానికి మళ్లీ జ్వరం, తను ఇల్లు కదలలేకపోతోంది.

పాల్వంచనుంచి భద్రాచలం పోయేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, బుగ్గిలొద్ది కల్వర్టు దగ్గర ఒక్కసారి దిగండి. ఎడమ పక్క గుడిసె. గార్డు ముత్యాలు తాతా అని పిలవండి. పలికితే సరే. పలకకపోతే తలుపు నెట్టి చూడండి.