ఊపిరి బిగబట్టిన వరి దుబ్బు

నేను ఒక వరి దుబ్బుని. పొద్దున్నదాకా అబ్బులు చేలో ఉన్నాను, ఇప్పుడు గట్టు మీద పడి ఉన్నాను. ఒళ్ళు మండిపోతోంది, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

నన్ను గోనెసంచిలో కట్టి మొలకెత్తించింది అబ్బులు భార్య నూకరత్నం. నారుమడిలో పెంచి, చేలో ఊడ్చిందీ ఆవిడే. అంతవరకూ నాకు ఎవరి మీదా కోపం లేదు.

ఊరి మురుగు కాలువలో గుర్రపుడెక్క అల్లుకుపోయి ఏళ్ళయింది. తీయించాలని ప్రతి వేసవిలోనూ అనుకుంటారు, అనుకుని టీ తాగి ఇళ్ళకు పోతారు. మరి వాన పడితే నీళ్ళు ఎక్కడికి పోతాయి? నా నెత్తి మీదకే వచ్చాయి. నిలువునా మునిగిపోయాను.

పక్క చేలో వేరే రకం వరి ఉంది. అది గాలి కోసం పైపైకి సాగింది. ఒంట్లో సత్తువంతా కాడ పొడుగుకే ఖర్చు పెట్టేసింది. నెలల తరబడి నీళ్ళు నిలిచే చోట ఆ తెలివి పనికొచ్చేదే. ఇక్కడ నీళ్ళు కొన్నాళ్ళకే లాగేశాయి, అది నడుం విరిగి బురదలో పడింది. మా రకం మునగగానే ఎదగడం మానేస్తుంది. ఆకుల్ని అంటుకున్న పలచటి గాలి పొరతో ఊపిరి నిలుపుకుని, కాడ మొదలులో దాచుకున్న కాస్త తీపినీ పొదుపుగా వాడుకుంటూ కదలకుండా ఉండిపోయాం. పై ఆకులు కుళ్ళినా లోపలి లేత మొవ్వును కాపాడుకున్నాం. చూసేవాళ్ళకు చచ్చినట్టే ఉంటాం. ఊపిరి బిగబట్టి కూర్చున్నవాడు నవ్వలేడు కదా!

నీళ్ళు లాగిన మర్నాడే అబ్బులు ట్రాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. మర్నాడే! అన్నాళ్ళు మునిగిన వాళ్ళకు కాస్త ఎండ తగలనివ్వాలా, వద్దా?

"అంతా కుళ్ళిపోయిందే. దున్నించేసి మళ్ళీ విత్తనం చల్లేస్తాను."

"నాలుగు రోజులు ఆగండి" అంది నూకరత్నం, ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి.

"చచ్చినదాని కోసం ఆగమంటావేంటే? కావాలంటే చూడు" అంటూ గట్టు పక్కనున్న నన్ను వేళ్ళతో సహా పీకి ఆవిడ ముఖం ముందు ఆడించాడు.

ఆవిడ నన్ను లాక్కుని కుళ్ళిన ఆకులు ఒలిచింది. మొదలు నొక్కి చూసింది, గట్టిగా ఉంది. లోపల మొవ్వు లేతపచ్చగా ఉంది.

"కళ్ళు పెట్టి చూడండి. బతికే ఉందండీ!"

అబ్బులు ట్రాక్టరును పొమ్మని చెయ్యూపాడు. ట్రాక్టరు వెనక్కి మళ్ళింది. చేను బతికింది. నాకూ సంతోషమేసింది. ఇక నన్ను నా గుంటలో పెడతారని చూశాను.

ఆవిడ నన్ను గట్టు మీద పారేసి చేతులు కడుక్కుంది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఇంటికి పోయారు. నేను పెరిగిన గుంట ఇక్కడికి కనబడుతూనే ఉంది.

చచ్చానని చూపించడానికి పీకారు, బతికున్నానని చూశాక పారేశారు. ఎండ ముదురుతోంది, వేళ్ళు ఎండిపోతున్నాయి. సాయంత్రానికి అబ్బులు మాటే నిజమవుతుంది.