ఎండలో కనబడే ఆట

టెక్కలి బజారులో జగన్నాధం పెట్టిన బొమ్మల కొట్టు ఇప్పుడు కోడలు అనిత చేతిలో ఉంది. కొడుకు గోపికి శ్రీకాకుళంలో ఉద్యోగం. మోకాళ్ల నొప్పులొచ్చాక జగన్నాధం కొట్టు గడప తొక్కడం మానేశాడు. నొప్పులకంటే, తనకిక అక్కడ పనేమీ లేదన్న దిగులే ఆయన్ని ఎక్కువ కూర్చోబెట్టింది.

వేసవి సెలవుల ముందు విజయనగరం నుంచి సరుకు వేసే ధనరాజ్ ఫోన్ చేశాడు. చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేముల్లో రంగుల తెరా, ఛార్జింగూ ఉన్న కొత్తరకం వచ్చిందట. ఏ రకం ఎలా పోతుందో చూసి చెబితే ఏడాది పొడుగునా అదే పంపుతానన్నాడు. ఆ సాయంత్రం అనిత మామగారి పక్కన చేరింది.

"మావయ్యా, ఇన్నేళ్లలో ఏ గేము బాగా పోయింది?"

ఆయన మొహం విచ్చుకుంది. "మొదటొచ్చిందమ్మా, నలుపూ తెలుపూ ఇటకల గేము. పెట్టె విప్పుతుంటేనే మీద పడిపోయీవోరు. ఆ తరవాత మన గోపి రంగులది తెచ్చినాడు. ఖరీదెక్కువ, ఉద్యోగస్తుల పిల్లలే కొన్నారు. అంతలో సెల్‌ఫోన్లొచ్చి రెండిట్నీ మింగేసినాయి."

పాతదానికి కాలం చెల్లిపోయిందని అనిత తేల్చేసుకుంది. మిగిలిన పాత గేముల్ని గోనెసంచిలో కట్టి అటకెక్కించి, కొత్తవి తెప్పించింది. సెలవుల్లో అవి చకచకా అమ్ముడయ్యాయి. బడులు తెరిచాక అడిగే నాథుడు లేడు.

భావనపాడు నుంచి చేపలు తెచ్చి సంతలో అమ్మే అమ్మడు, గంప ఖాళీ అయ్యాక అప్పుడప్పుడూ కొట్టుకొచ్చి పాత గేము ఒకటో రెండో పట్టుకెళ్లేది. ఈసారి వచ్చినప్పుడు అనిత ఆమె చేతిలో కొత్తది పెట్టి పంపింది. మళ్లీ సంతకి అమ్మడు దాన్ని వెనక్కి తెచ్చింది.

"పాడైపోయిందా?"

"బాగానే ఉన్నాదమ్మా. ఎండలో ఏటీ కనబడదు. అద్దంలో మొకం సూసుకున్నట్టుంటాది. మా ఆయనికి పాతదే కావాలంట."

"మీ ఆయనకా? పిల్లలకనుకున్నాను."

"పిల్లలకెందుకమ్మా? ఆదోరం రా, నువ్వే సూద్దువుగాని."

ఆదివారం అనిత అటక మీది సంచి దించి, అమ్మడు వెనక్కిచ్చిన కొత్తదాన్నీ అందులో వేసి, స్కూటీకి కట్టుకుని బయల్దేరింది. భావనపాడు ఒడ్డున తెప్పలు అప్పుడే చేరుతున్నాయి. అమ్మడు మొగుడు గంగులు తెప్ప అంచున కూర్చుని, పక్క తెప్పవాడి పాత గేము తీసుకుని ఆడుతున్నాడు. కళ్లు చెదిరే ఎండలో కూడా బూడిదరంగు తెర మీద నల్లటి ఇటకలు ఒక్కొక్కటే దిగడం అనితకు స్పష్టంగా కనిపించింది. సంచిలోంచి కొత్తది తీసి పక్కన పెట్టి చూసింది. అందులో ఆకాశమూ, తన మొహమూ తప్ప మరేమీ లేవు.

"వల ఏసినాక గంటలు గంటలు ఏటి సేస్తాం?" అన్నాడు గంగులు.

"ఫోనుందిగా?"

"అది కవర్లో కట్టెడతాం. కష్టమొస్తే ఒడ్డుకి కబురెట్టాలంటే అదే దిక్కు. ఆటలకి ఛార్జింగు తగలేస్తామేటి? దీనికి రెండు సెల్లులేస్తే నెలలొస్తాది. కాకపోతే ఉప్పుగాలికి లోపల సిలుం పట్టీస్తాది, అప్పుడు ఇంకోటి."

మూగిన జనం సంచి ఖాళీ చేసేశారు. ఏ ఏడు ఏది ఎక్కువ పోయిందో చూసుకుందే గాని, ఎవరు ఎక్కడ కూర్చుని ఆడతారో తను అడగనే లేదని అనితకు అప్పుడు తట్టింది. పనికిరాకుండా పోయిన గేములు కొన్ని అడిగి తెచ్చుకుంది.

ఇంటికొచ్చి ధనరాజ్‌కి ఫోన్ చేసింది.

"పాతవా? ఇంకా ఎవరాడతారమ్మా?"

"చేపల వేటకెళ్లేవాళ్లు. సెలవుల్లో పిల్లలకి రంగులవి పంపండి, తక్కిన నెలలంతా ఇవి పంపండి."

"ఒక పెట్టె వేస్తాను. పోతే ఇంకోటి" అన్నాడు.

చిలుము పట్టిన గేముల్ని అనిత మామగారి ముందు పోసింది. ఆయన ఒకటి విప్పి, కళ్లజోడు సర్దుకుని, గరుకు కాగితంతో స్ప్రింగు గీకాడు. సెల్లులేశాడు. కుయ్‌మంది.

ధనరాజ్ పంపిన పెట్టె ఎన్నాళ్లో నిలవలేదు. పక్క ఊళ్ల తెప్పల వాళ్లూ అమ్మడు చేత కబురంపసాగారు. చిలుము పట్టినవి బాగుచేయడానికి జగన్నాధానికి కొట్టు గుమ్మం పక్కన కుర్చీ పడింది. ఒకనాడు తలుపులు మూస్తుంటే ఆయన మోకాలు రాసుకుంటూ అన్నాడు.

"రేపు సంత కదమ్మా. కాస్త పెందలకడే తీద్దాం."