మేకలాయన రికార్డు

హనుమాండ్లు ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అందులో సగానికి పైగా కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి తిరగడంతోనే గడిచిపోయింది.

అతనికి ఉన్నది ఒకటే పిచ్చి. పాతకాలపు చిన్న గ్రామఫోను రికార్డులు కూడబెట్టడం. అరచేతి కంటే కాస్త పెద్దగా ఉండి, అటొక పాట ఇటొక పాట పలికేవి. అవీ ఇంగ్లీషువి. అమెరికా పల్లెల పాటలు, గిటార్లు దంచే రాక్ పాటలు. పేరుమోసిన గాయకులవి అతనికి అక్కర్లేదు. ఒకే ఒక్క రికార్డు వేయించుకుని ఎటో పోయినవాళ్లవే కావాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సికింద్రాబాదులో ఒక ముసలి రైలు డ్రైవరు ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆయన రోజూ సాయంత్రం ఈ పాటలు పెట్టేవాడు. గది ఖాళీ చేసేనాడు పదకొండు రికార్డులు చేతిలో పెట్టి పంపాడు. అప్పుడు అంటుకున్న పిచ్చి ఇక వదల్లేదు. పాతసామాన్ల దుకాణాలూ సంతలూ తిరిగి తిరిగి మూడు వందలు దాటించాడు.

ఇంగ్లీషు అతనికి అక్షరాలు కూడబలుక్కునే మేరకే వచ్చు. అందుకని ప్రతి కవరు మీదా తనకు తోచిన పేరు తెలుగులో రాసుకునేవాడు. 'రైలు పాట', 'ఏడ్చే గిటారు', 'తాగినోని పెండ్లి'.

"పక్కన కూసున్న పెండ్లాం మాట ఇనవడది గని, సముద్రాల అవుతలి పాటకు తలకాయ ఊపుతడు," అని భార్య విమలమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చెబుతూనే, వానాకాలం రికార్డులకు బూజు పట్టకుండా బీరువాలో తన పట్టుచీరల అర ఖాళీ చేసి ఇచ్చింది.

నిరుడు ఎల్లారెడ్డిలో అతని అక్క దుర్గవ్వ వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఊరంతా తిరిగే ఆమెను మంచానికి కట్టేసినట్టయింది. పొద్దుపోవడానికి వాడకట్టు ఆడవాళ్లు నలుగురైదుగురు చాటలు తెచ్చుకుని ఆమె దగ్గరే కూర్చుని బీడీలు చుట్టేవారు. అయినా దుర్గవ్వ ఎవరితోనూ మాట్లాడటం లేదనీ, అన్నం కూడా సరిగా తినడం లేదనీ కోడలు వనజ ఫోన్ చేసి చెప్పింది.

హనుమాండ్లుకు ఏం చేయాలో తోచలేదు. సూట్‌కేసులా మూసుకునే తన రికార్డు ప్లేయరునూ, సంచిలో పాతిక రికార్డులనూ పెట్టుకుని ఒక మంగళవారం పొద్దున కామారెడ్డిలో బస్సెక్కాడు.

మొదటి పాట మొదలుకాగానే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. దుర్గవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగో పాటో అయిదో పాటో పెట్టాడు. దాని కవరు మీద అతను అప్పటికింకా ఏ పేరూ రాయలేదు. ఒక్క గిటారు, ఒక మగ గొంతు. పాట నడుమ ఆ గొంతు మాటలు వదిలేసి కిందికీ మీదికీ ఎగిరెగిరి దూకుతూ, ఎవరినో పిలుస్తున్నట్టు సాగింది.

దుర్గవ్వ ఇటు తిరిగింది.

"వీడు మేకల గాసినోడే రా తమ్మీ," అంది.

"అమెరికాయన గదనే అక్కా."

"అయితేంది? ఆడ మేకలుండయా? గుట్ట మీదికెల్లి పిలిస్తె గొంతు గట్లనే ఇరుగుతది. చిన్నప్పుడు లింగంపేట గుట్టల్ల నేను పిలువలే? మల్లొక్కపారి పెట్టు."

మళ్లీ పెట్టాడు. ఆ పిలుపు వచ్చే చోట దుర్గవ్వ మంచంలో లేచి కూర్చుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, అరవై ఏళ్ల కిందటి తన మేకలను పిలిచింది. చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో బీడీలు చుట్టే తునికాకులు ఆగిపోయాయి. తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ పూట ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

హనుమాండ్లు ఆ కవరు మీద 'మేకలాయన' అని రాశాడు. అప్పటినుంచి ప్రతి మంగళవారం ఎల్లారెడ్డిలో పాటల మంగళవారమే అయింది.

వనజ డిగ్రీ చదివింది. ఒకరోజు అత్త పిలుపుతో సహా ఆ పాటను ఫోనులో తీసి, పాత రికార్డులు సేకరించేవాళ్లు కూడే ఒక ఇంటర్నెట్ గుంపులో పెట్టింది. వారం తిరక్కుండా అమెరికాలోని ఒక చిన్న ఊరినుంచి జవాబు వచ్చింది. లోరా అనే అరవై ఏళ్లావిడ రాసింది. వనజ చదివి తెలుగులో చెప్పింది.

"ఆ పాడినాయన ఈమె నాయన అంట మామా. పేరు వెర్న్ టాలీ. గదొక్కటే రికార్డు ఏసిండట. ఇంట్ల ఉన్నయి వరదల కొట్టుకపోయినయట. నాయన గొంతు విని నలభై ఏండ్లయిందట. మీరు ఇస్తరా అని అడుగుతున్నది."

"మేకల సంగతి రాసిందా?" అంది దుర్గవ్వ.

"లేదత్తా. చెప్పుల దుకాణంల పనిజేసిండట."

"పెండ్లిగాక ముందు గాసిండొచ్చు. అన్ని బిడ్డకు జెప్తడా ఏంది?"

హనుమాండ్లు మాత్రం ఆ రికార్డును కవర్లో పెట్టి సంచిలోకి దోపాడు. ఇన్నేళ్లలో ఎందరికో పాటలు వినిపించాడు గానీ, ఒక్క రికార్డు కూడా చేయి దాటనివ్వలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి వనజకు ఫోన్ చేసి, "పలిగిపోయిందని రాయి బిడ్డా," అన్నాడు.

వనజ ఆ మాట అత్త చెవిన వేసింది. లోరాకు మాత్రం ఏమీ రాయలేదు.

మరుసటి మంగళవారం అతను ప్లేయరు తెరవబోతుంటే దుర్గవ్వ చేయి పట్టుకుంది.

"పలిగిందంటివట గదరా?"

అతను సంచిలోంచి ఆ రికార్డు తీసి ఆమె పక్కన పెట్టాడు.

"మన బాపు గొంతు నీకు యాదికున్నదా?"

బాపు పోయేనాటికి హనుమాండ్లుకు ఆరేళ్లు. ముఖమైతే గోడ మీది ఫోటోలో ఉంది. గొంతు కోసం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"లేదక్కా," అన్నాడు.

"నాకు జర జర ఉన్నది. గదీ పోతున్నది. ఆమెకైన దొరకని తియ్."

ఆ రోజు 'మేకలాయన'ను ఏడుసార్లు పెట్టారు. మర్నాడు హనుమాండ్లు ఆ రికార్డును మెత్తటి బట్టతో తుడిచి, రెండు పలుచని చెక్కల నడుమ పెట్టి, గట్టిగా కట్టి కామారెడ్డి పోస్టాఫీసుకు పట్టుకెళ్లాడు. కిటికీలోపలి మనిషి చేయి చాపినా వెంటనే ఇవ్వలేకపోయాడు. "జర పైలంగ పట్టుకో తమ్మీ," అని రెండుసార్లు చెప్పి అందించాడు. ఇంటికొచ్చి విమలమ్మ పెట్టిన చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ఆమె ఆ రోజు ఎగతాళి చేయలేదు.

నెలన్నర తర్వాత లోరా తన గొంతు రికార్డు చేసి వనజ ఫోనుకు పంపింది. సగం మాటలు, సగం ఏడుపు. వనజ అర్థం చెప్పబోతే దుర్గవ్వ వద్దంది.

"ఇనవడుతనే ఉన్నది గద," అంది.

ఇంకొన్నాళ్లకు ఒక పార్సెల్ వచ్చింది. లోరా తన ఊళ్లోని కుర్రాళ్లు ఎప్పుడో అరవై ఏళ్ల కిందట వేసిన రాక్ రికార్డు పంపింది. ప్రపంచంలో ఎవరూ దాన్ని మెచ్చుకోలేదట. హనుమాండ్లు దాన్ని సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి చేరేసరికి, దుర్గవ్వ చేతికర్ర పట్టుకుని గడపదాకా ఎదురొచ్చింది.

ప్లేయరు మీద పెట్టాడు. డ్రమ్ములు ఒక దారిన, గిటార్లు ఒక దారిన, పాడేవాడు మరో దారిన పోయారు. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

"గిదేం పాటరా తమ్మీ, రేకుల ఇంటి మీద రాళ్లవాన వడ్డట్టున్నది!" అంది దుర్గవ్వ.

"తీసెయ్యాల్నా అక్కా?"

"నేను తియ్యమన్ననా? ఇంకో దిక్కు కూడ ఎయ్యి," అని ఆమె బీడీల చాట ఒడిలోకి లాక్కుంది.