అచ్చియ్యమ్మగారి తాళం కప్ప

నేను ఒక ఇత్తడి తాళం కప్పని. అరచేతిలో పట్టేంత ఉంటాను. నొక్కితే బిగుసుకుపోతాను, తీయాలంటే మాత్రం తాళం చెవి కావాలి. మనుషుల్ని నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. తణుకు బజార్లో నన్ను కొన్న అచ్చియ్యమ్మగారు ఆ గుణంలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివారు. బడిలో చదివింది ఐదో తరగతే. కూతురు పావుగంట ఆలస్యమైతే చాలు, ఆవిడ మనసు ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చేస్తుంది.

కూతురు హేమసుందరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. రెండు దేశాల టీచర్లు ఒకరి ఊరికి ఒకరు వెళ్లొచ్చే పథకంలో ఆమెకి తాష్కెంట్ ప్రయాణం తగిలింది. అక్కడ ఇంగ్లీషు బోధన మీద చాలా దేశాల వాళ్లు వచ్చే పెద్ద సదస్సు, అందులో ఆమె ఒక పాఠం చెప్పి చూపించాలి. నోరు విప్పని పిల్లలు కూడా చేతికి గుడ్డబొమ్మ తొడిగితే బొమ్మ చేత ఇంగ్లీషు మాట్లాడిస్తారు. ఆమె కనిపెట్టిన పద్ధతి అది. పాత యూనిఫారాలతో పిల్లలే కుట్టిన ఆ బొమ్మలన్నీ పెట్టెలో ఉన్నాయి. పెట్టెకి నేనున్నాను.

ముక్కూమొహం తెలియని మనిషితో కూతురు ఒకే గదిలో ఉండాలని విన్నప్పటి నుంచీ అచ్చియ్యమ్మగారికి అన్నం సయించలేదు. నా చెవుల్లో ఒకటి తన మెడలో తాడుకి పిన్నీసుతో తగిలించుకున్నారు. రెండోది ఎక్కడ? హ్యాండ్‌బ్యాగులో ఉంటే కొట్టేస్తారు, మెడలో ఉంటే తెంపుకుపోతారు. చివరికి ఎవరికీ తట్టని చోట దాచి, ఆ చోటేదో తాష్కెంట్ చేరాక ఫోన్లో చెబుతానన్నారు. ముందే చెబితే కూతురు దార్లో ఎవరితోనైనా అనేస్తుందట. ఆ ముందుచూపు నాకెంతో నచ్చింది.

పొద్దున్నే తాష్కెంట్ హాస్టల్లో దిగాం. రెండో మంచం సమర్‌ఖండ్ టీచరు నిగోరాది. ఆ నవ్వు చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఊరికే అంత నవ్వెందుకు? పైగా ఎండు ఆప్రికాట్లు పెట్టింది. మత్తుమందు కలుపుతారని తల్లి చెప్పి పంపింది కనక హేమసుందరి వాటిని నోట్లో పెట్టుకోకుండా పర్సులో వేసుకుంది. ఆ నిగోరా పెట్టెకి తాళమే లేదు, నోరు తెరుచుకుని పడి ఉంది. ఇదేదో ఎర అనుకున్నాను.

పాఠం మధ్యాహ్నం రెండింటికి. హేమసుందరి తల్లికి ఫోన్ చేసింది.

"పక్కన ఆవిడుందా? ఉంటే మెల్లిగా విను," అన్నారు అచ్చియ్యమ్మగారు. "సంపెంగరంగు పట్టుచీర ఫాల్ లోపల పెట్టి కుట్టేశాను. ఎవడి బాబుకీ దొరకదు."

"ఆ చీర పెట్టెలోనే ఉంది కదమ్మా."

"అదేంటి, కట్టుకెళ్లలేదా?"

"పట్టుచీరతో విమానం ఎక్కితే దొంగల కళ్లు పడతాయని, బయల్దేరే ముందు నువ్వే విప్పించి పెట్టెలో పెట్టి తాళం వేశావు."

అచ్చియ్యమ్మగారు ఫోన్ పెట్టేశారు.

ఒక చెవి తల్లి మెడలో, ఒకటి నా వెనకాలే. బొమ్మలు లేకపోతే పాఠం లేదు. హేమసుందరి నన్ను పట్టుకుని రెండుసార్లు గుంజింది. అది చూసి నిగోరా జడలోంచి పిన్ను తీసి నా దగ్గరికి వచ్చింది. నేను బిగుసుకున్నాను. రెండు తిప్పులు తిప్పింది. సిగ్గుచేటు, ఊడిపోయాను.

"మా బడిలో బీరువా చెవి నేను ఏటా పారేస్తాను, అలవాటే," అంది ఇంగ్లీషులో.

ఆ మధ్యాహ్నం ఏడు దేశాల టీచర్లు చేతులకి బొమ్మలు తొడుక్కుని చిన్నపిల్లల్లా వాదించుకున్నారట. అచ్చియ్యమ్మగారు ఫోన్లో అంతా విని ఒకటే అడిగారు. "పిన్నుతో తీసిందంటే, ఆవిడ టీచరేనంటావా?"

మాఘమాసంలో నిగోరా తణుకు వచ్చింది, పది రోజులు వీళ్లింట్లోనే బస. నన్ను వెంటనే బీరువాకి వేశారు. ఇద్దరు టీచర్లూ బడికి వెళ్లగానే అచ్చియ్యమ్మగారు వచ్చి నన్ను లాగి చూసేవారు. హాల్లో నిగోరా పెట్టె మామూలుగానే తెరిచి ఉండేది, బట్టల మీదే పాస్‌పోర్టు. మొదటి రోజు ఆవిడ దాన్ని దూరం నుంచి చూశారు. రెండో రోజు పైన దుప్పటి కప్పారు. మూడో రోజు నుంచి వీధి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాలవాడు వచ్చినా, పక్కింటి మహాలక్ష్మి వచ్చినా గుమ్మంలోంచే మాట్లాడి పంపేసేవారు. నన్ను లాగి చూడటం మరిచిపోయారు.

ప్రయాణం రోజున నన్ను బీరువా నుంచి తీసి నిగోరా పెట్టెకి నొక్కారు. చెవిని ఆమె ఉన్నికోటు లోపలి గుడ్డలో పెట్టి, ఆమె కళ్లెదుటే కుట్టారు.

"ఇల్లు చేరేదాకా ఒంటి మీంచి తీయొద్దని చెప్పవే," అన్నారు కూతురితో. పాపం, నిగోరా మిట్టమధ్యాహ్నపు ఎండలో కోటు వేసుకునే రైలెక్కింది.

ఇప్పుడు సమర్‌ఖండ్‌లో ఆమె తరగతి గదిలో మేకుకి వేలాడుతున్నాను. ఇంటికి చేరాక నన్ను పిన్నుతోనే తీసింది, మళ్లీ నొక్కలేదు. కోటు కుట్టు మాత్రం విప్పలేదు. చలికి ఆ కోటు వేసుకుని వచ్చినప్పుడు, పాఠం చెబుతూనే లోపలి గుడ్డ మీద చెయ్యి వేసి చెవి ఉందో లేదో తడుముకుంటుంది.

ఈ గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. అచ్చియ్యమ్మగారికి తెలిస్తే ప్రాణం కుదుటపడదు. అందుకే వచ్చేపోయే వాళ్ల మీద ఆవిడ బదులు నేనే ఒక కన్నేసి ఉంచాను.