బంతిపూలు నావి కావు

సమోన్ యాభై ఒకటో ఏట కారు కొంది. పదమూడేళ్ల పాత చిన్న కారు, ఎనభై ఐదువేల బాట్‌లు, అంతా తన కష్టార్జితం. కొన్న నెలకే ఇంజను కింది రబ్బర్లు పోయాయి, రెండువేల రెండొందలు. తరువాత ముందు చక్రాల షాకులు, నాలుగున్నర వేలు. ఆ తరువాత డ్రైవరు వైపు అద్దం దిగింది గానీ మళ్లీ ఎక్కనంది, దానికి తొమ్మిదొందలు. సమోన్ విసుక్కోలేదు. ముసలి బండికి మోకాళ్లు పట్టేయకుండా ఉంటాయా? తనకు మాత్రం పట్టేయడం లేదూ!

ఏడిపించింది ఏసీ, రోజురోజుకూ గాలి తగ్గిపోతోంది. ఆమె తెల్లవారకముందే లేచి కొబ్బరిపాలతో తకో మిఠాయి వండి, చిన్న ఆకు దొన్నెల్లో పోసి, రోంగ్‌క్వాంగ్ నుంచి కొండ దాటి వియాంగ్‌సాలోని కాఫీ కొట్టుకు రోజూ రెండొందల దొన్నెలు వేస్తుంది. ఏప్రిల్ ఎండకు కొబ్బరిపాలు గంటలో పులుస్తాయి. ఇప్పటికే రెండుసార్లు పులిశాయి. కొట్టు నడిపే నువాన్ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"అక్కా, నీ చేతి రుచికి వంక పెట్టను. కానీ ఇంకొక్కసారి పులిస్తే వేరేవాళ్లని చూసుకుంటా, ఏమనుకోకు."

హైవే మీది గ్యారేజీలో చూపిస్తే, అక్కడాయన బోనెట్ ఎత్తకుండానే కంప్రెసరు పోయిందన్నాడు. పన్నెండువేలు అవుతుంది, లేదంటే బండి మాకే ఇచ్చెయ్, నలభైవేలు ఇస్తాం అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? పన్నెండువేలు ఆమె దగ్గర లేవు. బండి అమ్మితే వ్యాపారమే పోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయి, ఏదో ఒక దారి చూపమని, బండిని కాచే దేవత మేయానాంగ్ తల్లినే అడిగింది.

ప్రతి బండిలోనూ మేయానాంగ్ ఉంటుంది కదా. సమోన్ ఆ తల్లికి రోజూ పొద్దున్నే మల్లెదండ కొని ముందు అద్దానికి వేలాడదీస్తుంది. వాడిన దండను చెత్తలో పారేయకూడదు కాబట్టి, గుడి దగ్గరి బోధిచెట్టు మొదట్లో పెట్టేదాకా అద్దం కింద, డాష్‌బోర్డు మీదే ఉంచుతుంది. ఏసీ గాలి తగ్గేకొద్దీ దండలు పెంచింది. ఒకటి రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. గాలి ఇంకా తగ్గింది.

భర్త థోంగ్‌బైకి ఇదంతా వేళాకోళం. కొబ్బరి తురమడం ఆయన పని, తెల్లారి బోనెట్ ఎత్తి నీళ్లు చూడడం కూడా ఆయన పనే. చూసినంతసేపూ బండిని తిడతాడు.

"ఇది కారా? చక్రాలు బిగించిన బిస్కెట్ డబ్బా!"

ఆ శుక్రవారం సమోన్ ఆలస్యమవుతుందని మిఠాయి పెట్టెలను మంచుగడ్డల మధ్య సర్దుకుని, దారిలో ఖామ్‌పన్ షెడ్డు దగ్గర ఆగింది. ఇతనూ కంప్రెసరే అంటే సాయంత్రం బండి అమ్మేయాలని నిశ్చయించుకుంది. ఖామ్‌పన్ అరవై దాటిన మెకానిక్, మాటకారి. బోనెట్ ఎత్తి, ఇంజను పక్క గొట్టం పట్టుకుని చూశాడు.

"ఇలా రా, పట్టుకో."

"చల్లగా ఉందన్నా!"

"మరి? కంప్రెసరు గుండ్రాయిలా ఉంది. చల్లదనం ఉంది, గాలే రావట్లేదు."

ముందుసీటు ఎదుటి సొరుగు ఊడదీసి, లోపలి ఫ్యాను బయటికి లాగాడు. దాని రెక్కల నిండా ఎండిన మల్లెలు, దారాలు గడ్డకట్టి ఉన్నాయి. అద్దం కింద గాలి వచ్చే సందుల్లోంచి రోజూ కొన్ని జారిపడ్డాయన్నమాట. సమోన్ ముఖం కందగడ్డ అయింది.

"నావేనన్నా."

"ముక్కు మూసి మరీ పూజ చేశావే సమోనూ!"

ఆమె చేతులు జోడించి డాష్‌బోర్డుకు దండం పెట్టింది. తప్పయింది తల్లీ, నువ్వు ఊపిరాడక అల్లాడుతుంటే నీకింకా దండలేశాను అనుకుంది. ఖామ్‌పన్ మళ్లీ చెయ్యి పెట్టి గుప్పెడు పసుపుపచ్చని రెక్కలు తీశాడు.

"ఈ బంతిపూలూ నీవేనా?"

"బంతిపూలు నావి కావు. పాత యజమానివేమో."

"ఇంకా తడారలేదు, నిన్నో మొన్నో పెట్టినవి. ఇవి లోపల్నించి పడలేదమ్మాయ్. బోనెట్ ఎత్తితే అద్దం అంచు కింద జాలీ ఉంటుంది చూడు, అక్కణ్ణించి వచ్చాయి. రోజూ మీ ఇంట్లో బోనెట్ ఎత్తేదెవరు?"

సమోన్ ఆ పసుపు రెక్కలను కాగితంలో పొట్లం కట్టుకుంది.

మూడొందల యాభై తీసుకుని, బ్రేకులు కూడా అరిగాయి, వచ్చే నెల పదహారొందలు పట్టుకురా అని చెప్పి పంపాడు ఖామ్‌పన్. కొండ ఎక్కుతుంటే చల్లగాలి రివ్వున మొహానికి కొట్టింది. నువాన్ ఒక తకో నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, సోమవారం నుంచి మూడొందల దొన్నెలు తెమ్మంది.

సాయంత్రం థోంగ్‌బై వాకిట్లో కొబ్బరి తురుముతున్నాడు. సమోన్ కాగితం పొట్లం విప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇవెవరివి?"

"పూల మీద పేర్లు రాసుంటాయా?"

"బండిని తిట్టేదీ నువ్వే, పూలు పెట్టేదీ నువ్వేనా?"

"తిట్టింది బండిని. పూలు పెట్టింది ఆవిడకి." థోంగ్‌బై తల ఎత్తలేదు, తురమడం మాత్రం ఆగింది. "ఆ కొండ మలుపుల్లో ఒక్కదానివే పోతావు. నాకా నడపడం రాదు. వెంట వద్దామంటే పెట్టెలకే చోటు చాలదు. ఆవిడనైనా తోడు పంపొద్దూ?"

సమోన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఇంత పెద్ద మాట వినలేదు. పీట లాక్కుని ఆయన పక్కనే కూర్చుని రెండో కొబ్బరిచిప్ప అందుకుంది.